ట్రాక్టర్ రెండు

ఆ వానాకాలం మా అమ్మాయి నాతో ఎక్కువగా మాట్లాడింది ఇంట్లో కాదు, ట్రాక్టర్‌కు బిగించిన రేడియో సెట్టులో.

నేను విమానాశ్రయంలో గడ్డి కోసేవాణ్ని. ఆమె టవర్ మీద కంట్రోలర్. శిక్షణ పూర్తిచేసి, వానలు మొదలైన వారంలోనే మొదటిసారి పక్కన ఎవరూ లేకుండా సీట్లో కూర్చుంది. ఆరు నెలల ప్రొబేషన్. అది మచ్చ లేకుండా గడిస్తే సీటు ఖాయం. తేడా వస్తే కిందికి దింపి ఏ ఆఫీసులోనో ఫైళ్ళ ముందు కూర్చోబెడతారు. ఆ సీటు కోసం నాలుగేళ్ళు చదివింది. ఇంట్లో మాకు అప్పుడు వేరే చింత లేదు.

గడ్డి గురించి కొంచెం చెప్పాలి. రన్‌వేకు రెండు పక్కలా గడ్డి జానెడు ఎత్తుండాలి. అంతకంటే పొట్టిగా కోస్తే పురుగు బయటపడి కొంగలు వాలతాయి. పొడుగ్గా వదిలేస్తే గింజ పట్టి పిట్టలు గుంపులుగా దిగుతాయి. పిట్ట ఒక్కటి ఇంజిన్లో పడినా ఆ విమానం పని అంతే. అందుకని వానలున్నన్నాళ్ళూ ఒక పక్క కోసి ముగించేసరికి రెండో పక్క లేచి ఉంటుంది. ఆ పక్క నుంచి ఈ పక్కకు రావాలంటే మధ్యలో రన్‌వే దాటాలి. దాటే చోటును మిడ్ క్రాస్ అంటారు. అక్కడ నేలమీద పసుపు గీత ఉంటుంది. గీత దగ్గర నిలబడి టవర్‌ని అడగాలి. టవర్ చెప్పేదాకా ముందు చక్రం గీత తాకకూడదు.

టవర్ చెప్పే మాటలు రెండే. వెళ్ళమంటే 'సాగండి'. నిలబడమంటే 'ఆగండి'. టవర్ ఏది చెబితే దాన్ని మనం మళ్ళీ చెప్పాలి. విన్నది సరిగ్గానే విన్నామని వాళ్ళకు తెలియాలి కదా. దాన్ని మా షెడ్డులో 'మాట తిప్పడం' అనేవాళ్ళం. బయట మాట తిప్పేవాణ్ని ఎవరూ నమ్మరు. మా దగ్గర తిప్పనివాడికి మెమో ఇస్తారు.

మొదటి రోజు సెట్టులో ఆమె గొంతు వచ్చినప్పుడు షెడ్డు మెకానిక్ నా పక్కనే ఉన్నాడు. అతన్ని అందరూ పానా అంటారు. అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా లేదు.

"ట్రాక్టర్ రెండు, టవర్. సాగండి, మిడ్ క్రాస్ మీదుగా ఉత్తరం వైపు."

"సాగుతున్నాను, మిడ్ క్రాస్ మీదుగా ఉత్తరం వైపు. ట్రాక్టర్ రెండు."

పానా నోరు తెరిచాడు. "ఏంటన్నా, కూతురు నీకు 'అండి' పెడుతోంది! ఇంట్లో కూడా ఇంత మర్యాదేనా?"

"ఇంట్లో 'నాన్నా, ఆ చెప్పులు దారికడ్డం తీయ్' అంటుంది."

"అయితే సెట్టు ఒకటి ఇంటికి పట్టుకుపో. కాస్త గౌరవంగా బతుకుతావు."

నేను నవ్వి బండి తీశాను. దాటుతూ టవర్ వైపు చూశాను. అద్దాల వెనక ఎవరున్నారో కిందికి కనిపించదు. ఆకాశమే కనిపిస్తుంది.

నేను మాట తక్కువ మనిషిని. ఏది చెప్పినా 'ఊఁ' అంటాను. మా ఆవిడ కుట్టుమిషన్ తొక్కుతూ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది: "మా ఇంటాయన ఊఁలో మూడు రకాలున్నాయి. ఒకటి సరే అని. ఒకటి విన్నాను అని. మూడోది, ఇక నన్ను వదిలెయ్ అని. ఏది ఏదో నాకూ మా అమ్మాయికే తెలుసు." అమ్మాయి చిన్నప్పట్నుంచీ ఆ ఊఁలు వింటూ పెరిగింది. స్కూలుకు డబ్బు కట్టాలన్నా ఊఁ, టవర్ ఉద్యోగానికి పరీక్ష రాస్తానన్నా ఊఁ. ఎప్పుడూ పొరపాటు పడలేదు.

మొదటి నెల ఇద్దరం పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడుకున్నాం. రోజుకు పది పన్నెండు సార్లు. ఇరవై ఏళ్ళలో నేను ఆమెతో అన్ని వాక్యాలు మొత్తంగా చెప్పి ఉండను. సాయంత్రం ఇంటికొచ్చాక పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు గానీ, అన్నం తింటున్నప్పుడు ఆమె ఒకసారి తలెత్తి, "ఇవాళ ఉత్తరం పక్క బాగా కోశావు. పైనుంచి దువ్వినట్టుంది," అంది. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుంది.

రెండో నెలకు మాటలు అరిగాయి. 'సాగుతున్నాను, మిడ్ క్రాస్ మీదుగా' అన్నది 'సాగుతున్నా' అయింది. ఆ తర్వాత ఒక రోజు వాన జల్లులో, ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, ఊఁ అన్నాను. ఆమె తిప్పి చెప్పమనలేదు. మర్నాడు కూడా ఊఁ అన్నాను. ఆమె వైపు కూడా అలాగే అరిగింది. ముందు ఆజ్ఞ, తర్వాత చోటు అని పుస్తకంలో ఉంటుంది. ఆమె ఇంట్లో మాట్లాడినట్టు ముందు చోటు, తర్వాత ఆజ్ఞ చెప్పడం మొదలుపెట్టింది. ఇదంతా నాతోనే. మిగతావాళ్ళతో ముక్క కూడా వదిలేది కాదు. పిట్టల్ని తోలే జీపు డ్రైవర్ షెడ్డుకొచ్చి గొణిగాడు.

"మీ అమ్మాయి నా చేత మూడుసార్లు చెప్పించింది, తెలుసా? నేనేమన్నా ఎక్కాలు అప్పజెప్పడానికి వచ్చానా?"

"చెప్పు మరి," అన్నాను.

"నీకేం, నీ ఊఁ చెల్లుతుంది."

అతను ఉడుక్కుని అన్నాడు. నాకు లోపల ఎక్కడో కాస్త గర్వంగానే అనిపించింది. ఇప్పుడు ఆ సంగతి రాయడం నాకు ఇష్టం లేదు. కానీ అనిపించిన మాట నిజం.

మూడో నెలలో, ముసురు పట్టిన ఒక ఉదయం, దక్షిణం పక్క పని ముగించి మిడ్ క్రాస్ దగ్గరకొచ్చాను. పసుపు గీత దగ్గర బండి నిలిపి అడిగాను. ఆ వేళకు విమానం ఒకటి రావాలి. మామూలుగా ఎడమ వైపు నుంచి వస్తుంది. ఎడమ వైపు చూశాను. మబ్బు తప్ప ఏమీ లేదు. ఎదురుగా ఉత్తరం పక్క గడ్డి తడిసి వాలి ఉంది. రోజూ ఎడమకు వాలే గడ్డి ఆ ఉదయం కుడికి వాలింది. అది చూశాను. గాలి మారిందని అర్థం. విమానం గాలికి ఎదురుగానే దిగుతుంది కాబట్టి, గాలి మారితే కుడి వైపు నుంచి వస్తుంది. ఇన్నేళ్ళుగా ఆ గడ్డిని చూస్తున్నవాణ్ని. చూశాను గానీ, చూసినదాన్ని ఆలోచించలేదు.

సెట్టులో గొంతు వచ్చింది. ఇంజిన్ చప్పుడు మధ్య నాకు వినిపించింది ఇది: "ట్రాక్టర్ రెండు, మిడ్ క్రాస్, సాగండి."

"ఊఁ," అని బండి కదిలించాను.

ముందు చక్రాలు గీత దాటాయి. రన్‌వే అంచు మీదికి ఎక్కాయి. అప్పుడు సెట్టు పగిలేట్టు వినిపించింది.

"నాన్నా, ఆగు!"

బ్రేకు మీద నిలబడ్డాను. తడి నేల మీద బండి మూరెడు జారి నిలిచింది. కుడి వైపు నుంచి మబ్బు చీల్చుకుని విమానం వచ్చింది, ముక్కు పైకెత్తి, ఇంజిన్లు గట్టిగా అరుస్తూ, నా మీదుగా మళ్ళీ మబ్బులోకి వెళ్ళిపోయింది. నీళ్ళు నా మీద చిమ్మాయి. టోపీ ఎటో పోయింది. విమానం చుట్టు తిరిగి వచ్చి పావుగంటలో మామూలుగా దిగింది. అందులో నూట పద్దెనిమిది మంది. ఎందుకు ఆలస్యమైందో వాళ్ళలో చాలామందికి తెలిసి ఉండదు.

ఆమె అన్నది 'ఆగండి'.

మధ్యాహ్నానికల్లా ఆమెను సీటు నుంచి దింపారు. నా బండికి తాళం వేశారు. ఇద్దరినీ వేరువేరుగా ఏం జరిగిందో రాసివ్వమన్నారు. నేను మూడు వాక్యాలు రాశాను, ఏం విన్నానో వాటిలో లేదు. విచారణ వారం తర్వాత అన్నారు.

షెడ్డులో పానా నా ట్రాక్టర్ కింద దూరి చాలాసేపు ఏదో తట్టాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"అన్నా, బ్రేకు పట్టలేదని చెప్పు."

"పట్టింది కదా."

"మొదటిసారి తొక్కితే పట్టలేదు, రెండోసారి తొక్కితే పట్టింది. బురదలో నానిన బండి, ఎవడు కాదంటాడు? పిల్ల ఆగమంది, నువ్వు ఆపబోయావు, బండి ఆగలేదు. పిల్లకూ మచ్చ లేదు, నీకూ లేదు."

"నీకు?"

"నాకు మెమో ఇస్తారు. నాకు మెమోలు కొత్తా? ఇంకో రెండేళ్ళలో దిగిపోయేవాణ్ని. అవన్నీ కలిపి అట్ట కట్టించుకుంటాను."

నేను ఊఁ అన్నాను. సరే అన్నాననుకున్నాడు. నా భుజం తట్టి వెళ్ళాడు.

ఇంట్లో మా ఆవిడకు ఆ సంగతి అప్పటికే తెలుసు. పానా పెళ్ళాం వచ్చి జాకెట్టు కుట్టించుకునే నెపంతో చెప్పిపోయింది.

"దేవుడిలాంటి మనిషి," అంది మా ఆవిడ. "ఆయనే నెత్తిన వేసుకుంటానంటుంటే మీకేం కష్టం? ఒక్క ముక్క. బ్రేకు పట్టలేదు. ఎప్పుడూ నోరు విప్పని మనిషి ఇప్పుడు విప్పి నిజం చెప్పి పిల్ల గొంతు కోస్తారా?"

అమ్మాయి లోపలి గదిలో బట్టలు మడతపెడుతోంది. ఆ వారమంతా ఆమె ఉన్న బట్టల్నే మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెడుతోంది. నా వైపు చూడడం లేదు. నా మీద కోపం అనుకున్నాను. గుమ్మం దగ్గరకొచ్చి అంది:

"అమ్మా, నువ్వు ఊరుకో. నాన్నా, నువ్వేం విన్నావో అదే చెప్పు."

"నీ సీటు పోతుందే పిచ్చిదానా!" అంది వాళ్ళమ్మ.

"బ్రేకు మీద పెడితే నా మాట సరిగ్గానే ఉన్నట్టు రాసుకుంటారు. నేను మళ్ళీ అలాగే అంటాను. నేను కాకపోతే ఇంకొకరంటారు. అప్పుడు ట్రాక్టర్ మీద ఇంకెవరో ఉంటారు." మడతపెట్టిన చీరను ఒక చేతి మీంచి ఇంకో చేతి మీదికి మార్చుకుంది. "నేను రాసిచ్చాను. తిప్పి చెప్పమని అడగలేదని. ఊఁ అంటే చాలనుకున్నానని."

"రాసిచ్చేశావా!" మా ఆవిడ మిషన్ మీద తల పెట్టుకుంది.

అమ్మాయి నా వైపు చూడకుండానే అడిగింది. "చెబుతావా నాన్నా?"

"ఊఁ," అన్నాను.

అది మూడింటిలో ఏదో ఆమెకు తెలియలేదు. ఆమె మొహంలో కనిపించింది. నాకూ తెలియదు.

విచారణ గదిలో పొడుగాటి బల్ల. ఒక చివర టవర్ ఇన్‌ఛార్జి, జుట్టు నెరిసిన ఆవిడ, మాట మెత్తన. పక్కన పైనుంచి వచ్చిన అధికారులు ఇద్దరు. మూలన టైపిస్టు. గోడవారగా కుర్చీలో మా అమ్మాయి, తలుపు దగ్గర పానా. అతన్ని బ్రేకు సంగతి అడగడానికి పిలిచారు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. నా వైపు చూసి కన్ను గీటాడు.

ముందు టేపు వేశారు. టవర్‌లో అన్న ప్రతి మాటా టేపులో ఉంటుంది. బరబరమనే చప్పుడు, అందులోంచి మా అమ్మాయి గొంతు.

టైపిస్టు చేతులు ఆపింది. "మేడమ్, 'మిడ్ క్రాస్ ఆగండి' అని కొట్టాలా, 'మిడ్ క్రాస్ సాగండి' అనా?"

"ఆగండి అనే కదమ్మా ఉంది," అన్నాడు ఒక అధికారి.

"లేదే, నాకు సాగండి అని వినిపించింది," అన్నాడు రెండో ఆయన.

మళ్ళీ వేశారు. ఈసారి మొదటాయనకు సాగండి వినిపించింది, రెండో ఆయనకు ఆగండి. ఇన్‌ఛార్జి కాగితం మీద రెండు మాటలూ పక్కపక్కన రాసుకుంది. 'క్రాస్' చివరి అక్షరం మీద పెన్సిలు పెట్టి కాసేపు చూసింది. ఆ అక్షరమే వచ్చి 'ఆగండి'కి అతుక్కుంది. పుస్తకంలో ఉన్నట్టు ముందు 'ఆగండి' అని, తర్వాత చోటు చెప్పి ఉంటే అతుక్కోవడానికి ఏమీ ఉండేది కాదు.

"రెండూ కొట్టమ్మా," అంది టైపిస్టుతో.

తర్వాత టేపులో చిన్న చప్పుడు.

"ఇదేంటి?"

"నేనేనండి," అన్నాను. "ఊఁ."

"ఊఁ అంటే?"

"విన్నానని."

"ఏం విన్నారని?"

బల్ల చుట్టూ ఎవరూ నవ్వలేదు. టేపు ఇంకా నడుస్తోంది. ముందు విమానానికి చెబుతున్న మా అమ్మాయి గొంతు, తొణక్కుండా, దిగొద్దు, పైకి వెళ్ళిపొమ్మని. తర్వాత 'నాన్నా, ఆగు'. ఆ మాట వచ్చినప్పుడు అధికారులిద్దరూ తమ కాగితాలు చూసుకున్నారు.

"విమానానికి ముందు చెప్పింది. రెండు సెకన్ల తర్వాత ట్రాక్టర్‌కు," అంది ఇన్‌ఛార్జి గడియారం అంకెలు చూసి. "ఆ వరస సరిగ్గా ఉంది. రాసుకోండి."

అది మెచ్చుకోలు. అయినా మా అమ్మాయి తల అప్పుడే కిందికి వాలింది. అంతదాకా నిటారుగా కూర్చున్న పిల్ల.

"బండి సంగతి," అన్నాడు మొదటి అధికారి. "ఆగమన్నప్పుడు బ్రేకు పనిచేసిందా?"

తలుపు దగ్గర పానా కదిలాడు. కుర్చీ కిర్రుమంది.

"పనిచేసిందండి," అన్నాను. "మొదట నేను తొక్కలేదు. నాకు సాగండి అని వినిపించింది. తిప్పి చెప్పి ఉంటే అమ్మాయి దిద్దేది. చెప్పలేదు. గాలి మారిందని గడ్డి చూసి కూడా కుడి వైపు చూడలేదు."

టైపిస్టు అంతా కొట్టింది. పానాను ఏమీ అడగలేదు. బయటికొచ్చాక అతను నా పక్కన కొంత దూరం నడిచి, "ఉతికిన చొక్కా దండగైంది," అన్నాడు. మర్నాడు ఎప్పటిలాగే టీ ఇప్పించాడు.

పది రోజులకు కాగితాలు వచ్చాయి. 'సాగండి', 'ఆగండి' రెండు మాటలూ తీసేశారు. ఇక మీదట వెళ్ళమంటే 'దాటండి', నిలబడమంటే 'నిలవండి'. అమ్మాయి సీటు పోలేదు గానీ ఖాయమూ కాలేదు. ప్రొబేషన్ మళ్ళీ మొదటి నుంచి, పక్కన ఒక సీనియర్‌ను కూర్చోబెట్టి. అన్నిటికంటే కింద ఒక వరస ఉంది: దగ్గరి బంధువులు ఒకే రేడియోలో పనిచేయకూడదు.

ఇన్‌ఛార్జి నన్ను పిలిచింది. "మారాల్సింది మీరా, అమ్మాయా అన్నది ఇంకా రాయలేదండి. ఆమెనైతే వేరే ఊరి టవర్‌కు పంపాలి. మీరు ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి."

"సెట్టు ఇక్కడ ఇవ్వాలా, స్టోర్లోనా?" అని అడిగాను.

ఆవిడ నా మొహం చూసి, "స్టోర్లో," అంది.

స్టోర్లో సంతకం పెట్టి సెట్టు ఇచ్చేశాను. నన్ను కంచె బయటికి వేశారు. అక్కడ ట్రాక్టర్ వెళ్ళదు. భుజానికి తగిలించుకునే కోత మిషనుతో కంచె వెంట పిచ్చి మొక్కలు కొట్టాలి. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. విమానాలు దిగడం అక్కడ నుంచి కూడా కనిపిస్తుంది. ఎవరు దింపుతున్నారో తెలియదు.

మా ఆవిడ నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే ఇంట్లో మిషన్ చప్పుడు ఒక్కటే.

వానలు వెనక్కి తగ్గాయి. ఒక సెలవు రోజు పగటిపూట, పెరట్లో కూర్చుని కోత మిషను బ్లేడు సాన పడుతున్నాను. అమ్మాయి వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"నాన్నా."

తలెత్తాను.

"నేను విమానానికి ముందు చెప్పాను. నువ్వు కనిపిస్తూనే ఉన్నావు. అద్దంలోంచి నీ టోపీ కూడా కనిపించింది. అయినా దానికే ముందు చెప్పాను."

ఇన్నాళ్ళూ నా మీద కోపం అనుకున్నది ఇది.

ఊఁ అనబోయి ఆగాను. బ్లేడు పక్కన పెట్టాను. చెయ్యి పంచెకు తుడుచుకున్నాను. ఏం చెప్పాలో ఒకసారి లోపల అనుకుని, అప్పుడు చెప్పాను.

"దానికే ముందు చెప్పాలమ్మా. నేను ఆగగలను. అది ఆగలేదు."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు, అవే ఆరాయి. తర్వాత లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి సానరాయి మీద పోసింది. నేను బ్లేడు రెండో వైపు తిప్పాను.